బయోస్ అప్‌డేట్ అయ్యాక మొదలైన క్రాష్‌లు: ఏఎం5 బోర్డు రెండేళ్లు వాడాక నా సమీక్ష

కొన్న నెలలో మదర్‌బోర్డుకు వేసే మార్కులు వేరు, రెండు మూడు పెద్ద బయోస్ (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు దాటాక వేసే మార్కులు వేరు. నా దగ్గరున్నది బీ650 చిప్‌సెట్, ఏఎం5 సాకెట్ (ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న మామూలు ఏటీఎక్స్ బోర్డు. రెండేళ్లకు పైగా రోజూ వాడుతున్నాను. ప్రాసెసర్ రైజెన్ 7 7700, ర్యామ్ 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు, 6000 వేగం రాసి ఉన్న ఎక్స్‌పో కిట్ (ఎక్స్‌పో అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగ్). ప్రాసెసర్ జోలికి పోను, ఎక్స్‌పో ఒక్కటే ఆన్ చేసుకుంటాను. నిజానికి అది కూడా ఓవర్‌క్లాకింగ్ (అధికారిక వేగాన్ని మించి నడపడం) కిందకే వస్తుంది. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 5200 వరకే. కిట్ మీద 6000 అని ఉంది కాబట్టి అది నడిచి తీరాలని చాలామంది అనుకుంటారు. ఈ తేడా గుర్తుంటే, కింద చెప్పబోయే గొడవంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు బోర్డు సంగతి. హార్డ్‌వేర్ పరంగా నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎంత పని పెట్టినా వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం) వేడెక్కి ఇబ్బంది పెట్టింది లేదు. ఎం.2 స్లాట్లు, యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ అన్నీ మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. నాకు బాగా పనికొచ్చినవి రెండు: బోర్డు అంచున వరుసగా ఉండే నాలుగు చిన్న డీబగ్ లైట్లు (బూట్ ఎక్కడ ఆగిందో చూపేవి), వెనక ప్యానెల్ మీదున్న బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బయోస్ ఎక్కించేది). కొనేటప్పుడు వీటిని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో మాత్రం రంగురంగుల ఆర్జీబీ కన్నా ఈ రెండూ ఎంతో ముఖ్యం. నచ్చనిది ఒకటే: క్లియర్ సీమాస్ జంపర్ (బయోస్ సెట్టింగులను తుడిచేసే పిన్నులు) సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కిందకు వచ్చింది, కార్డు తీస్తే తప్ప వేలు పట్టదు.

ఇక బయోస్. "బాగా నడుస్తుంటే బయోస్ ముట్టుకోవద్దు" అనే పాత సలహా ఇప్పుడు చెల్లదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక, ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటకుండా ఏఎండీ పరిమితి పెట్టింది. ఆ పరిమితి బోర్డుల్లోకి వచ్చింది బయోస్ అప్‌డేట్ ద్వారానే. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల క్రాష్‌లకు వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణలు కూడా అంతే. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదని, దెబ్బతినకుండా కాపాడటానికే పనికొస్తుందని ఇంటెల్ స్పష్టంగా చెప్పింది. అంటే కొన్ని అప్‌డేట్లు వాయిదా వేస్తే ప్రాసెసర్‌కే ముప్పు. 2023 నాటి అప్‌డేట్ నేను వెంటనే పెట్టాను, ఏ తేడా రాలేదు. ఆ తర్వాత చాలాకాలానికి, కొత్త ప్రాసెసర్ల సపోర్టుతో వచ్చిన వెర్షన్ పెట్టాక క్రాష్‌లు మొదలయ్యాయి.

క్రాష్ తీరు చెప్తాను, ఎందుకంటే దారి దొరికేది అక్కడే. గేమ్ గంటలకొద్దీ ఆడినా ఏమీ కాదు. వీడియో రెండర్ పెట్టినా పూర్తవుతుంది. పెద్ద జిప్ ఫైల్ విప్పుతుంటేనో, బ్రౌజర్‌లో ఊరికే ఏదో చదువుతుంటేనో ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ అంటుంది. మినీడంప్ ఫైళ్లను (క్రాష్ సమయంలో విండోస్ దాచే చిన్న రికార్డులు) విన్‌డీబగ్ అనే టూల్‌లో తెరిస్తే ప్రతిసారీ వేరే డ్రైవర్ పేరు. ఒకే డ్రైవర్ పేరు పదేపదే వస్తే దాన్ని అనుమానించొచ్చు. రోజుకో పేరు వస్తోందంటే ఆ డ్రైవర్ల తప్పు కాదు, వాటి కింద ఉన్న మెమరీ తప్పు చెబుతోందని అర్థం.

చాలామంది ఈవెంట్ వ్యూయర్ (విండోస్ లాగ్‌లు చూపే టూల్) తెరిచి, కెర్నల్ పవర్ 41 అనే ఎర్ర గీత చూసి, పవర్ సప్లై మార్చేస్తారు. 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. కారణం అది చెప్పదు. దాని వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ కూడా రాకుండానే ఆగిపోయింది, కరెంటు పోయి ఉండాలి లేదా పూర్తిగా బిగుసుకుపోయి ఉండాలి. సున్నా కాకపోతే అసలు కోడ్ అదే, దాన్ని పట్టుకుని వెళ్లాలి. పక్కనే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ ఎంట్రీలు ఉంటే మాత్రం హార్డ్‌వేర్ స్వయంగా ఫిర్యాదు చేసినట్టే.

నాకు వీటన్నిటికన్నా పనికొచ్చింది విండోస్‌లోనే ఉన్న రిలయబిలిటీ మానిటర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది. రోజుకో నిలువు గడి, పైన నీలం గీత, ఏదైనా కుప్పకూలిన రోజున ఎర్ర గుర్తు. నా గ్రాఫ్‌లో నీలం గీత వారాల తరబడి పైనే సమంగా నడిచి, బయోస్ మార్చిన మర్నాటి నుంచి మెట్లుమెట్లుగా కిందకు దిగింది. ఆ మధ్యలో విండోస్ అప్‌డేట్ గానీ, గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ పెట్టినట్టు ఎక్కడా లేదు. అందుకే విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలన్న ఆలోచనే పెట్టుకోలేదు.

మొదటి పరీక్షగా బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఎక్స్‌పో ఆఫ్‌లోనే ఉంచి వాడాను. క్రాష్‌లు పూర్తిగా ఆగాయి. ఎక్స్‌పో ఆన్ చేసి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఇక్కడే చాలామంది ర్యామ్ బాగుందని తేల్చేసి వేరే దారి పడతారు. పీసీ ఆపేసి, చాలాసేపు చల్లారాక, బయోస్‌లో ఏమీ ముట్టుకోకుండా మళ్లీ అదే మెమ్‌టెస్ట్ పెట్టాను. ఈసారి ఎర్రర్లు వచ్చాయి. అదే కిట్, అదే వేగం, అదే టెస్ట్.

తేడా ఎక్కడుందంటే మెమరీ ట్రైనింగ్‌లో. డీడీఆర్5 స్టిక్కులతో ఏ సంకేతం ఏ క్షణంలో పంపాలో, ఏ వోల్టేజ్ దగ్గర చదవాలో బోర్డు బూట్ అయ్యేటప్పుడు కొలుచుకుంటుంది. బయోస్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండి, ఫ్యాన్లు తిరుగుతూ, డీర్యామ్ అని రాసిన పసుపు లైటు నిమిషాల తరబడి వెలుగుతుంది చూడండి, ఆ పనే అది. ర్యామ్ ఎక్కువ ఉంటే ఇంకా ఆలస్యం. అప్పుడు భయపడి పవర్ బటన్ నొక్కకూడదు, లైటు ముందుకు కదిలేదాకా ఓపిక పట్టాలి. ప్రతి బూట్‌కూ ఇంతసేపు ఆగలేం కాబట్టి మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే బోర్డు కిందటిసారి కొలిచిన విలువలనే దాచుకుని వాడేస్తుంది, బూట్ చకచకా అయిపోతుంది. ఎక్స్‌పో ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు ర్యామ్ కొత్తగా ట్రైన్ అయింది, అందుకే మొదటి టెస్ట్ గట్టెక్కింది. రెండోసారి పాత కొలతలతో బూట్ అయింది, ఫెయిలైంది. నాకు అర్థమైనంతలో కథ ఇది.

ఈ సెట్టింగ్‌కు పవర్ డౌన్ ఎనేబుల్ (ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్‌ను తక్కువ పవర్‌లోకి వెళ్లనిచ్చేది) అనే ఇంకో సెట్టింగ్‌తో ముడి ఉంది. కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్‌లో ఉండి పవర్ డౌన్ ఆఫ్‌లో ఉంటే ఏఎం5 బోర్డుల్లో ఇలాంటి క్రాష్‌లు రావడం చాలామందికి అనుభవం. రెండూ నా బయోస్‌లో ఆటోలో ఉన్నాయి, ముందు వెర్షన్‌లోనూ ఆటోలోనే ఉన్నాయి. అప్‌డేట్‌కు ముందు జెన్‌టైమింగ్స్ అనే, ర్యామ్ సెట్టింగులు చూపే చిన్న టూల్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడం నాకు అలవాటు. పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చూస్తే వేగం, ప్రధాన టైమింగ్స్ అన్నీ ఒకటే. పవర్ డౌన్ వరుస మాత్రం పాత దాంట్లో ఎనేబుల్డ్, కొత్త దాంట్లో డిజేబుల్డ్. బూట్ కూడా మునుపటికన్నా వేగంగా అవుతోంది. అంటే ఆటో వెనకున్న నిర్ణయాన్ని కొత్త బయోస్ మార్చేసింది. విడుదల నోట్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. "సిస్టమ్ స్టెబిలిటీ మెరుగుపరిచాం" అన్న ఒక వాక్యంతో సరిపెట్టారు. ఈ బోర్డు విషయంలో నాకున్న అసలు కోపం దీని మీదే. డిఫాల్ట్ మార్చే హక్కు వాళ్లకు ఉంది, ఏం మార్చారో చెప్పే బాధ్యత కూడా వాళ్లదే.

పరిష్కారానికి రెండు దారులు. కాంటెక్స్ట్ రిస్టోర్ ఆఫ్ చేస్తే ప్రతి బూట్ ఆలస్యమవుతుంది, కానీ ప్రతిసారీ కొత్త కొలతలు. లేదా రెండూ చేత్తో ఎనేబుల్ చేయాలి, మెమరీ ప్రతిస్పందనలో రవ్వంత ఆలస్యం పెరుగుతుంది, రోజువారీ పనిలో తెలియదు. నేను రెండోది ఎంచుకున్నాను. చల్లారిన పీసీ మీద మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టాను, శుభ్రంగా వచ్చింది. అప్పటి నుంచి నెలలు గడిచాయి, గ్రాఫ్‌లో ఎర్ర గుర్తు పడలేదు.

మీ క్రాష్‌కు కారణం ఇదే కావాలని లేదు. కర్వ్ ఆప్టిమైజర్‌లో (ప్రాసెసర్ వోల్టేజ్ తగ్గించే సెట్టింగ్) మైనస్ విలువలు పెట్టుకున్నవాళ్లు కొత్త బయోస్‌లో అవే విలువలు మళ్లీ ఎక్కించకూడదు, ముందు సున్నాతో నడిపి చూడాలి. అవి ఎక్కువైతే బరువు పని మీద కాదు, ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంది. బ్లూ స్క్రీన్ కూడా రాకపోవచ్చు. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన బయోస్ ప్రొఫైల్‌ను కొత్తదాంట్లో లోడ్ చేయడమూ ప్రమాదమే, సెట్టింగులు చూసి చేత్తో పెట్టుకోవాలి. విండోస్ అసలు బూట్ కాకుండా ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటుంటే ర్యామ్ వైపు వెళ్లొద్దు, స్టోరేజ్ మోడ్ (డ్రైవ్‌లను నడిపే పద్ధతి) రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి తిరిగిపోయిందేమో చూడండి.

బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఉన్నవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బయోస్ అప్‌డేట్‌తో టీపీఎమ్‌లోని (కీలు దాచే భద్రతా చిప్) కీలు పోవచ్చు, అప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దగ్గర లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, కీని వేరే చోట రాసిపెట్టుకోండి. అలాగే క్రాష్ అవుతున్న పీసీలో ఎక్స్‌పో ఆన్‌లో ఉంచి ఫ్లాష్ చేయవద్దు. ముందు డిఫాల్ట్స్‌కు తెచ్చి, బయోస్ లోపలున్న టూల్‌తోనే చేయండి, విండోస్‌లో నడిచే యుటిలిటీతో కాదు.

పాత వెర్షన్‌కు వెనక్కు వెళ్లడం కూడా చేసి చూశాను, కారణం నిర్ధారించుకోవడానికి. ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో మాన్యువల్‌లో చెప్పిన పేరుతో ఫైల్ పెట్టి, వెనక బటన్ నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుమిణుకుమంటూ పని పూర్తి చేసింది. పాత బయోస్‌లో క్రాష్‌లు లేవు. కానీ కొన్ని బోర్డుల్లో ఫలానా వెర్షన్ దాటాక వెనక్కు వెళ్లనివ్వరు, ఆ హెచ్చరిక డౌన్‌లోడ్ పేజీలోనే ఉంటుంది, చదివి దిగండి. వోల్టేజ్ పరిమితులు రాకముందు వెర్షన్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు.

హార్డ్‌వేర్‌కు అయిదుకు నాలుగున్నర ఇస్తాను, బయోస్ నోట్లకు ఒకటిన్నర దాటి ఇవ్వలేను. మెమరీ సెట్టింగులు చూసుకునే ఓపిక ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. బయోస్ ముఖం చూడటమే ఇష్టం లేనివాళ్లు ఎక్స్‌పో జోలికి పోకుండా 5200 కిట్ వేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు. నా పీసీ ఇప్పుడు అదే కొత్త బయోస్ మీద, ఆ రెండు సెట్టింగులూ చేత్తో పెట్టి నడుస్తోంది. దాని తర్వాత వచ్చింది బీటా వెర్షన్, అందులో నాకు కావాల్సింది ఏమీ లేదు కాబట్టి పెట్టలేదు.