పొట్టలో ఉబ్బిన ధమని: కోసి కుట్టడం మేలా, స్టెంట్ మేలా?

పొట్టలోని బృహద్ధమని ఉబ్బిందని స్కాన్‌లో తేలగానే ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగే మొదటి మాట, "కోత లేకుండా కుదరదా?" అని. అడగడంలో తప్పు లేదు. కానీ కోత పెద్దదా చిన్నదా అన్నది చూసి మాత్రం ఎంచుకోకూడదు. ఆపరేషన్ అయిన వారం ఎలా గడుస్తుందన్నది ఒక లెక్క, పదేళ్ల తర్వాత ఆ ధమని ఎలా ఉంటుందన్నది ఇంకో లెక్క. ఈ రెండూ ఒకే వైపు మొగ్గవు.

అసలు ఇప్పుడే ఆపరేషన్ కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. కిడ్నీల కింద ఈ ధమని మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది. 3 సెం.మీ.కి చేరితే ఎన్యూరిజం అంటారు. నొప్పి లేకుండా, వేగంగా పెరగకుండా ఉంటే మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 సెం.మీ. వచ్చేదాకా స్కాన్‌లతో కనిపెట్టుకుని ఉండటమే మంచిది. చిన్న ఉబ్బులకు తొందరపడి ఆపరేషన్ చేస్తే ఆయుష్షు పెరగదని బ్రిటన్, అమెరికా పరిశోధనల్లో తేలింది. ఈలోగా సిగరెట్ పూర్తిగా మానేయాలి, బీపీ అదుపులో ఉంచుకోవాలి.

ఓపెన్ ఆపరేషన్ పాతది. 1951లో పారిస్‌లో చార్లెస్ ద్యూబో ఉబ్బిన భాగాన్ని తీసేసి, చనిపోయిన మనిషి నుంచి తీసిన ధమని ముక్కను అక్కడ కుట్టారు. ఇప్పుడు డాక్రాన్ అనే కృత్రిమ బట్టతో చేసిన గొట్టం వాడుతున్నారు. పొట్ట కోసి, పేగులను పక్కకు జరిపి, ఉబ్బుకు పైనా కిందా క్లాంపులు వేసి రక్తం ఆపుతారు. సంచి తెరిచి, లోపల పొరలు పొరలుగా పేరుకున్న రక్తపు గడ్డను తీసేస్తారు. వెన్నెముక వైపు నుంచి రక్తం కారే చిన్న నాళాల నోళ్లను ఒక్కొక్కటే కుట్టేస్తారు. గొట్టాన్ని రెండు చివరలా గట్టి ధమనికి కుట్టాక, పేగు దానికి రాసుకుని పుండు పడకుండా ఆ ఖాళీ సంచినే పైన కప్పి కుడతారు. క్లాంపు తీసే క్షణం మత్తు డాక్టరుకు టెన్షన్: రక్తం ఒక్కసారిగా కాళ్లకు పరుగెత్తి బీపీ పడిపోవచ్చు. గుండె, ఊపిరితిత్తులు దీన్నంతా తట్టుకోవాలి. ఆసుపత్రిలో వారం పది రోజులు ఉండాలి. పూర్తిగా కోలుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తర్వాత కోత దగ్గర హెర్నియా రావచ్చు.

స్టెంట్ పద్ధతిని, అంటే ఈవార్‌ను, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి చేసి చూపారు. గజ్జలోని ధమని గుండా, మడిచిన స్టెంట్ గ్రాఫ్ట్‌ను, అంటే లోహపు జాలీకి బట్ట తొడిగిన గొట్టాన్ని, పైకి పంపి, ఎక్స్‌రేలో చూస్తూ తెరుస్తారు. టైరు లోపల ట్యూబులాగా, రక్తం ఇక కొత్త గొట్టంలోంచి పోతుంది, పాత సంచి మీద ఒత్తిడి తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లొచ్చు. అయితే కిడ్నీ ధమనులకూ ఉబ్బుకూ మధ్య స్టెంట్ పట్టుకుని నిలవడానికి కనీసం 10 నుంచి 15 మి.మీ. మంచి గోడ ఉండాలి. ఆ చోటు పొట్టిగా, వంకరగా ఉన్నా బలవంతంగా స్టెంట్ వేస్తే అక్కడే రక్తం స్టెంట్ పక్కనుంచి పాత సంచిలోకి లీకవడం మొదలవుతుంది. కిడ్నీ ధమనులకు రంధ్రాలున్న ప్రత్యేక స్టెంట్‌లు వచ్చాయి కానీ వాటి పని ఇంకా క్లిష్టం.

బ్రిటన్‌లో జరిగిన ఈవార్-1 పరిశోధనలో ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు మరణాలు ఓపెన్‌లో 4.7 శాతం, స్టెంట్‌లో 1.7 శాతం. స్టెంట్‌దే పైచేయి అనిపిస్తుంది. అదే రోగులను 15 ఏళ్లు గమనిస్తే, 8 ఏళ్లు దాటాక మరణాలు స్టెంట్ వైపే ఎక్కువయ్యాయి. ఉబ్బు వల్ల జరిగిన ఆ మరణాలకు ముఖ్య కారణం స్టెంట్ వేశాక కూడా పాత సంచి పగలడం. అందుకే స్టెంట్ వేయించుకున్నవాళ్లు జీవితాంతం స్కాన్‌లు మానకూడదు. "బాగానే ఉన్నాగా" అని మానేసేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా భయమేస్తుంది, ఎందుకంటే లీకు నొప్పి పెట్టదు.

కాబట్టి అరవైల్లో ఉండి, గుండె, ఊపిరితిత్తులు బాగున్నవారికి నేనైతే ఓపెన్ ఆపరేషనే మేలంటాను. ఎనభైకి దగ్గరపడి, ధమని ఆకారం అనువుగా ఉన్నవారికి స్టెంట్. ఓపెన్‌కు బొత్తిగా తట్టుకోలేనంత జబ్బుగా ఉన్నవారి సంగతి వేరు. వాళ్లకు స్టెంట్ వేసినా మొత్తంమీద ఆయుష్షు పెరగలేదని ఈవార్-2లో తేలింది. వాళ్ల విషయంలో ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాన్ని డాక్టరుతో మనసు విప్పి మాట్లాడుకోవాలి. ధమని అప్పటికే పగిలి, ఆకారం అనుకూలిస్తే నా మొగ్గు స్టెంట్ వైపే. లోకల్ మత్తుతోనే వేయగలగడం అప్పుడు పెద్ద ఊరట.

ప్లీహానికి వెళ్లే ధమని ఉబ్బితే మాత్రం ఇంత మీమాంస అక్కర్లేదు. ప్లీహానికి వేరే దారుల్లోనూ రక్తం అందుతుంది కనుక, చాలామందిలో కాయిల్స్‌తో, అంటే సన్నని లోహపు తీగచుట్టలతో, ఆ ధమనిని మూసేస్తే సరిపోతుంది. గర్భం దాల్చాలనుకునే స్త్రీలో మాత్రం సైజు చిన్నదే కదా అని ఆగకూడదు. గర్భంతో ఉండగా అది పగిలితే తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పే.