అండమాన్ వెళ్ళేవాళ్ళు జాగ్రత్త: హావ్‌లాక్‌లో బోట్లు ఆగాయని మమ్మల్ని వానలో బయట పెట్టారు

నిన్న రాత్రే ఇల్లు చేరాం. ఒంట్లో ఓపిక లేదు గానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. సెలవులు కదా, మీలో ఎంతమంది ఈపాటికే అడ్వాన్సులు కట్టేశారో.

మేం ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ దీవులు, మధ్యలో బోటు టికెట్లన్నీ వాళ్ళే తీస్తారు. మేం నలుగురం: నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, డెబ్భై దాటిన మా అమ్మ. ఫోన్లో మాట్లాడిన ఏజెంటుది శ్రీకాకుళం యాస. తానూ తెలుగువాడినేనన్నాడు. "వాతావరణం తేడా చేస్తే అంతా మేం చూసుకుంటాం సార్, మీరు మనోళ్ళు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏదీ రాయించుకోలేదు. అది నా తప్పే.

హావ్‌లాక్‌లో రెండో రాత్రి గాలి మొదలైంది. తెల్లారి నేనొక్కడినే జెట్టీకి వెళ్ళి కనుక్కున్నాను. గాలి గంటకు 55 కిలోమీటర్లు దాటొచ్చని హెచ్చరిక, సర్కారు బోట్లు, ప్రైవేటు బోట్లు అన్నీ రద్దు. దాని మీద నాకే కోపమూ లేదు. ఆ అలలు చూసినవాడెవడూ పిల్లాడిని బోటెక్కించడు.

తడుచుకుంటూ 5వ నంబరు బీచ్ దగ్గర మా రూముకి తిరిగొచ్చేసరికి అమ్మ వరండాలో సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. జల్లు కొట్టి చీరంతా తడిసింది. బాబుని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు కప్పింది. రూముకి తాళం వేసేశారు. మేనేజర్ని అడిగితే, "టైమైపోయింది, వేరే పార్టీ వస్తోంది. ఉండాలంటే రాత్రికి 7,500" అన్నాడు. అంతకుముందు రోజు దాకా అదే రూము 2,800. "బోట్లే లేవు, ఈ దీవికి విమానాశ్రయం లేదు, మీ పార్టీ ఏ దారిన వస్తుందయ్యా?" అన్నాను. జవాబు లేదు. ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయాడు.

వెంటనే ఆ తెలుగు ఏజెంటుకి ఫోన్ చేశాను. గాలి హోరుకి వినబడక స్పీకర్ పెట్టాను. "తుపానొస్తే మేమేం చేస్తాం సార్? డబ్బులుంటే ఉండండి, లేకపోతే జెట్టీలో పడుకోండి" అన్నాడు. అదే యాస, అదే గొంతు. అమ్మ అంతా వింది. "మన వైపు వాడేనా వీడు?" అంది నెమ్మదిగా. నాలుగు రోజులైనా ఆ మాట నా చెవుల్లోంచి పోవట్లేదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాం. ఆ ముసలామెకి ఆ మాట వినిపించినందుకు వాడిని క్షమించలేను.

చివరికి బజార్లో చిన్న భోజన హోటలు నడిపే బెంగాలీ పెద్దావిడ మమ్మల్ని చూసి పిలిచింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ దీవిలో ఎక్కువ. ఆమెకి తెలుగు రాదు, అమ్మకి బెంగాలీ రాదు. వెనక గదిలో పొడి చీర ఇచ్చి, వేడి అన్నం, పప్పు పెట్టింది. రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. రోజుకి 800 ఇస్తే, అమ్మ భోజనానికి మాత్రం పైసా తీసుకోలేదు.

మూడో రోజు బోట్లు వదిలారు. ఈలోగా మా చెన్నై ఫ్లైట్ పోయింది, కొత్త టికెట్లకి 38,000 అయింది. ఇంకో సంగతి. రద్దయిన బోటు టికెట్ల డబ్బు అడిగితే, "వాతావరణం వల్ల ఆగితే రీఫండ్ ఉండదు" అని అదే ఏజెంటు చెప్పాడు. బోటు టికెట్ల కౌంటర్లో టికెట్ నంబరు చూపిస్తే, బుక్ చేసిన ఖాతాకి మొత్తం ఎప్పుడో తిరిగి వేసేశామన్నారు. అంటే మా 6,400 వాడి దగ్గరే ఉన్నాయి. అప్పట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.

వెళ్ళేవాళ్ళు బోటు టికెట్లు మీ ఫోన్ నంబరు మీద, మీ ఖాతా నుంచే తీసుకోండి. టికెట్ మీద హావ్‌లాక్ అని ఉండదు, స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది, కంగారు పడకండి. బోట్లు ఆగితే రూము అదే అద్దెకిస్తామని వాట్సాప్‌లో రాయించుకోండి. ఫ్లైట్‌కి ముందు రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ళుంటే మందులు ఇంకో నాలుగు రోజులకి సరిపడా ఎక్కువే పట్టుకెళ్ళండి, అమ్మ బీపీ మాత్రలు చివరి రోజుకి ఒక్కటే మిగిలింది.