పొద్దున్నే మళ్లీ మొదటికొచ్చే టచ్ స్క్రీన్, దాన్ని బాగుచేసిన నెల్లూరు షాపు

పొగతోటలో మా హాస్పిటల్ ఓపీ దగ్గర టోకెన్లిచ్చే టచ్ మిషన్ ఒకటుంది. గుండె బొమ్మ మీదో కంటి బొమ్మ మీదో వేలు పెడితే చీటీ వస్తుంది, అంతే దాని పని. అద్దం పగిలితే మిషన్ అమ్మిన కంపెనీ వాళ్లే వచ్చి వేరే రకం టచ్ అద్దం వేసి వెళ్లారు, అప్పట్నుంచీ మొదలయ్యాయి తిప్పలు. గుండె నొక్కితే దాని కిందున్న చర్మవ్యాధుల చీటీ వస్తోంది. ఉదయగిరి నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చిన ఒక పెద్దావిడ, చదువు రాదు పాపం, ఆ చీటీ పట్టుకుని గంటన్నర చర్మం డాక్టరు గది ముందు కూర్చుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కంపెనీ ఇంజనీరు మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ డ్రైవర్, అంటే అద్దాన్ని మిషన్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్, వేస్తాడు, స్క్రీన్ మీద ప్లస్ గుర్తులు నొక్కి కాలిబ్రేషన్, అంటే వేలు పెట్టిన చోటే తగిలేలా సరిచేయడం, చేస్తాడు, మా ముందు చక్కగా పనిచేస్తుంది, తెల్లారి స్విచ్ వేస్తే మళ్లీ నాలుగు వేళ్లు కిందకి. మూడోసారి ఈ అద్దంలోనే లోపం, ఇంకొకటి కొనాలన్నాడు.

అప్పుడు ఎవరో చెబితే మద్రాసు బస్టాండు దగ్గర సందులో మెట్లెక్కి వెళ్లే చిన్న షాపతన్ని పిలిచాను. పేరు రాయొద్దన్నాడు, రాయను. అతను మిషన్ మీద చెయ్యి కూడా వేయకుండా ఒకే మాట అడిగాడు, "రాత్రిపూట దీన్ని ఆపేస్తారాన్నా?" ఆపేస్తామన్నాను. "అయితే అద్దం తప్పు కాదులే" అన్నాడు.

తర్వాత అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఎందుకంటే ఇలాంటి మిషన్లు ఉన్న చాలామందికి ఇది తెలీదు. ఇందులో ఉండేది విండోస్ ఐఓటీ, అంటే ఇలాంటి మిషన్ల కోసం చేసిన విండోస్. దాంట్లో యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అని ఒకటి ఆన్‌లో ఉంటే మనం చేసే ఏ మార్పూ డిస్కులోకి నేరుగా పోదు, పక్కన తాత్కాలికంగా ఉంటుంది, రీస్టార్ట్ అయితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవరూ అంతే, కాలిబ్రేషనూ అంతే. పొద్దున లేచేసరికి విండోస్ తన సొంత మామూలు డ్రైవర్‌తో టచ్‌ని నడిపిస్తుంది, అందుకే పూర్తిగా చచ్చిపోకుండా కిందకి తగులుతోంది.

అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ నుంచి తెప్పిస్తేగానీ ముట్టుకోనన్నాడు, అది నాకు నచ్చింది. తెప్పించాక యూఎస్‌బీ కీబోర్డు పెట్టి, ఎడమవైపు విండోస్ బటన్‌ని టకటకా ఐదుసార్లు కొడితే లాగిన్ స్క్రీన్ వచ్చింది. కమాండ్‌తో ఫిల్టర్ ఆపి రీస్టార్ట్ చేశాడు, డ్రైవర్ వేశాడు, కాలిబ్రేట్ చేశాడు, డివైస్ మేనేజర్‌లో కరెంటు ఆదా కోసం యూఎస్‌బీని ఆపేసే టిక్ కూడా తీసేశాడు. పాస్‌వర్డ్ కూడా ఇప్పుడే నన్నే మార్చుకోమని, తను మొహం అటు తిప్పుకున్నాడు. ఫిల్టర్ మళ్లీ ఆన్ అయ్యాక మారిస్తే రేపటికి పాతదే వస్తుందట.

ఇంత గొడవెందుకు, ఆ ఫిల్టర్‌ని అట్నే ఆపేసి ఉంచమన్నాను. ఒప్పుకోలేదు. మన ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలుసుగా, డిస్కులో రాస్తుండగా ఠక్కున ఆగితే విండోసే పాడవుతుంది, దాన్ని కాపాడుతున్నది అదే అన్నాడు. ఆన్ చేసి, రీస్టార్ట్ చేసి, తర్వాత మెయిన్ స్విచ్ కూడా తీయించి పది నిమిషాలు ఆగి వేయించాడు. గుండె బొమ్మ నన్నే నొక్కమన్నాడు. గుండె చీటీయే వచ్చింది.

విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయిందని నాకు టెన్షన్. మాది ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021, అంటే ఎక్కువ ఏళ్లు సపోర్టు ఉండే రకం, కాబట్టి 2032 జనవరి దాకా ఉందని స్క్రీన్ మీద పేరు చూపించి మరీ చెప్పాడు.

తీసుకుంది పదిహేను వందలు. కొత్త అద్దం కొని ఉంటే ఎంతయ్యేదో నేను చెప్పక్కర్లేదు. తప్పు ఒక్కటే, రేపొస్తానని మూడోరోజు వచ్చాడు, ఈలోగా చీటీలు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఫోన్ ఎత్తడు. సాయంత్రం ఆరు దాటాక నేరుగా షాపుకే వెళ్లండి, అద్దం వెనక స్టిక్కర్ ఫొటో తీసుకుని వెళ్తే డ్రైవర్ ముందే వెతికి పెట్టుకుంటాడు.