రంగు పట్టాలి, దెబ్బకు ఆగాలి: బంపరుకు ఏ ప్లాస్టిక్ మిశ్రమం మేలు?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్క షెడ్లకు వచ్చే బంపర్లను తిరగేసి చూస్తే, లోపలివైపు ‘పీపీ ప్లస్ ఈపీడీఎం, టీడీ 20’ తరహా అచ్చు గుర్తులు కనిపిస్తాయి. పాలీప్రొపిలీన్ (పీపీ) అనే ప్లాస్టిక్‌లో ఈపీడీఎం అనే రబ్బరు కలిపి, బరువులో నూటికి 20 పాళ్లు టాల్క్ అనే మెత్తని ఖనిజపు పొడి చేర్చారని దాని అర్థం. దీనికి పోటీ రెండు: పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ను ఏబీఎస్ అనే స్టైరీన్ జాతి ప్లాస్టిక్‌తో కలిపింది, పీబీటీ అనే పాలిస్టర్ జాతి ప్లాస్టిక్‌తో కలిపింది.

రంగు పట్టే గుణం ఒక్కటే చూస్తే ఏబీఎస్ మిశ్రమానిదే పైచేయి. శుభ్రంగా తుడిచి, సన్నగా రుద్దితే చాలావరకు రంగు నిలుస్తుంది. అయితే ఘాటైన థిన్నరు తగిలితే, అచ్చులో పోతపోసినప్పటి ఒత్తిడి మిగిలిపోయిన చోట, ముఖ్యంగా స్క్రూ రంధ్రాల చుట్టూ, వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి.

పాలీప్రొపిలీన్ సంగతి వేరు. దాని ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లే కాబట్టి రంగు సరిగా పరుచుకోదు, అంటుకోదు. మంట సోకించి ఉపరితలానికి ఆక్సిజన్ ఎక్కించాలి, లేదా క్లోరిన్ చేర్చిన పాలీఓలెఫిన్ (పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్) ప్రైమరు, అంటే రంగు కింద వేసే పూత, కొట్టాలి. ఇక్కడ రబ్బరు రెండు పనులు చేస్తుంది: దెబ్బను మింగుతుంది, పైపొర దగ్గర ప్రైమరు ద్రావకానికి ఉబ్బి దానికి పట్టు ఇస్తుంది. అలాగని రబ్బరు మితిమీరితే ప్లాస్టిక్ పైపొరే బలహీనపడి, వాటర్ సర్వీసింగ్‌లో జెట్ తగలగానే రంగుతోపాటు రేకులుగా లేచిపోతుంది. అప్పుడు పెయింటర్‌ను తిట్టి లాభం లేదు.

పీబీటీ మిశ్రమానికి పెట్రోలును తట్టుకునే బలం ఎక్కువ. 1982లో వచ్చిన ఫోర్డ్ సియెర్రా బంపర్లు ఈ కోవవే. కానీ ముడి ప్లాస్టిక్ గుళికలను బాగా ఆరబెట్టకుండా పోత పోస్తే, మిగిలిన తేమ వేడికి అణుగొలుసులను తెంచి, ముక్కను పెళుసు చేస్తుంది. ఈశాన్య రుతుపవనాల ముసురులో మన తీరంలో పోత పోసేవారికి డ్రయ్యరు లేనిదే ఇది కుదరదు.

డేటాషీట్లు మైనస్ 30 డిగ్రీల దెబ్బ పరీక్షను గొప్పగా చూపుతాయి గానీ, రోహిణి కార్తెలో కావలిలో ఎండే బండికి దానితో పనేముంది? ఎండ, ఉక్కపోత, ఉప్పుగాలి చూసుకోవాలి. నా మటుకు బంపరుకు పీపీ-రబ్బరు మిశ్రమమే మేలు. చవక, తేలిక, తేమకు చెడదు. బండి పక్క అద్దాల తొడుగులకు ఏబీఎస్ మిశ్రమం, పెట్రోలు ట్యాంకు పక్క ప్యానెళ్లకు ధర గిట్టుబాటైతే పీబీటీ మిశ్రమం సరిపోతాయి. ఏది ఎంచుకున్నా, రంగు పట్టు తెలిసేలా బ్లేడుతో గడులు గీసి, టేపు అంటించి లాగే పరీక్షను పొడి ముక్క మీదే కాక, వేడినీళ్లలో నానిన ముక్క మీద కూడా చేయించాలి.