సగటు పరుగా, గడ్డు నిమిషమా: రగ్బీ శ్రమను కొలవడానికి ఏది మేలు?

2023 అక్టోబరు 28న పారిస్ శివారులోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో దక్షిణాఫ్రికా 12-11 తేడాతో న్యూజిలాండ్‌ను ఓడించి ప్రపంచ కప్ అందుకుంది. ఆ రాత్రి దక్షిణాఫ్రికా ఆటగాడు పీటర్ స్టెఫ్ డు టాయ్ ఒక్కడే 28 ట్యాకిళ్లు చేశాడు. నూరు కిలోలు దాటిన మనుషులు మీదికి దూసుకొస్తుంటే పట్టి పడగొట్టాలి, తానూ పడాలి, లేచి పరుగున వరుసలో కలవాలి. ఈ కష్టాన్ని కిలోమీటర్లలో వెతికితే దొరికేది చాలా తక్కువ.

కిలోమీటర్ల లెక్క చెప్పేది జెర్సీ వెనక, భుజాల నడుమ చిన్న జేబులో ఒదిగిన జీపీఎస్ పరికరం. సాధారణంగా సెకనుకు పదిసార్లు ఆటగాడి స్థానం నమోదు చేస్తుంది. చిక్కల్లా అది ఇచ్చిన అంకెల రాశిలో దేన్ని నమ్మాలన్నదే.

అందరూ ముందుగా చూసేది మొత్తం దూరం. అంతర్జాతీయ మ్యాచ్‌లో పూర్తి 80 నిమిషాలు ఆడినవారు ఇంచుమించు ఐదు నుంచి ఏడు కిలోమీటర్లు తిరుగుతారు. బ్యాక్స్ (వెనక వరుసలో ఉండి పరిగెత్తేవారు) ఎక్కువ, ఫార్వర్డ్స్ (ముందుండి తోపులాడే బరువైనవారు) తక్కువ. నిమిషానికి 70 మీటర్లు అనుకుంటే గంటకు 4.2 కిలోమీటర్లు. పొద్దున్నే పార్కులో కబుర్లాడుకుంటూ నడిచే పెద్దల వేగం అది! కారణం చిన్నదే: 80 నిమిషాల్లో బంతి ఆటలో ఉండేది సగం కన్నా తక్కువ. మిగతాది స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం ఎదురెదురుగా తోసుకునే ఘట్టం) కుదుర్చుకోవడానికి, పెనాల్టీ కిక్కులకు, వీడియో రిఫరీ నిర్ణయాలకు పోతుంది. పైగా ఆ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా బెంచీ మీద, ఆట మధ్యలో మార్పుగా దిగడానికి, ఏడుగురు ఫార్వర్డ్‌లు కూర్చున్నారు. 50వ నిమిషంలో తాజా కాళ్లతో దిగినవాడి సగటు, మొదటి నుంచీ నలిగినవాడి సగటు పక్కపక్కన పెడితే ఎవరికి అన్యాయమో చెప్పనక్కర్లేదు. ఆ వారం మొత్తంమీద ఎంత భారం పడింది, ఎంత విశ్రాంతి ఇవ్వాలి అనడానికి మాత్రం ఈ లెక్క చాలు.

బంతి ఆటలో ఉన్న సమయానికే సగటు కట్టడం కాస్త నయం. కానీ పది సెకన్ల ఘట్టాన్నీ రెండు నిమిషాల ఘట్టాన్నీ అది ఒకే గాటన కడుతుంది.

నా ఓటు గడ్డు నిమిషానికే. అంటే మ్యాచ్ మొత్తంలో అతి ఎక్కువ దూరం పరిగెత్తిన ఒక్క నిమిషానికి. అంతర్జాతీయ ఆటలో అది తరచూ 150 మీటర్లు దాటుతుంది, సగటుకు రెట్టింపు పైమాటే. సగటును బట్టి సాధన చేయించిన కోచ్ తన జట్టును ఆ నిమిషానికి సిద్ధం చేయనట్టే.

అయితే దాన్ని ఎలా వెతుకుతారన్నది కీలకం. ఉధృతమైన ఘట్టం ఆటలో 12 నిమిషాల 30 సెకన్ల దగ్గర మొదలై 13 నిమిషాల 30 సెకన్ల దగ్గర ముగిసిందనుకుందాం; ఆటగాడు 160 మీటర్లు పరిగెత్తాడు. గడియారం ప్రకారం నిమిషాలు కోస్తే అందులో 80 మీటర్లు ఒక ముక్కలోకి, 80 మరో ముక్కలోకి పోతాయి. వాటి పక్కన మెల్లగా నడిచిన 30 మీటర్లు చేరి, రెండింటిలోనూ 110 అని పడుతుంది. ఆ 160 ఎక్కడా కనబడదు! అందుకే నిమిషం కిటికీని కొద్దికొద్దిగా జరుపుతూ పోయే పద్ధతే సరైనది.

వేగం గీత దగ్గరా ఇలాంటి తగాదా ఉంది. సెకనుకు 5 మీటర్లు దాటితే ‘వేగపు పరుగు’ అని చాలామంది లెక్క. గరిష్ఠ వేగం 7.5 ఉన్న ప్రాప్‌కు (స్క్రమ్ ముందు వరుసలో తోసే ఫార్వర్డ్) అది తన శక్తిలో మూడింట రెండు వంతులు, 9.5 ఉన్న వింగర్‌కు (మైదానం అంచున పరిగెత్తే బ్యాక్) సగానికి కొంచెం ఎక్కువ. అలసట తెలియాలంటే ఎవరి గీత వారికి గీయాలి. ఎదుటి జట్టుతో పోల్చాలంటే అందరికీ ఒకటే గీత ఉండాలి, ప్రాప్ కోసం బంతి ఆగదు కదా.

గడ్డు నిమిషానికీ ఒక గుడ్డితనం ఉంది. స్క్రమ్‌లో పదహారు మంది ప్రాణం పెట్టి తోసుకుంటారు, జీపీఎస్‌కు వాళ్లు నిలబడి ఉన్నట్టే. కబడ్డీలో రైడర్‌ను గీత దాటనీయకుండా బిగబట్టిన డిఫెండర్ ఎంత దూరం పరిగెత్తాడని అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పరికరంలోని యాక్సెలరోమీటర్ (కుదుపులను కొలిచే భాగం) దెబ్బలను పసిగడుతుంది గానీ, ఏది ట్యాకిల్, ఏది రక్ (నేలమీది బంతి కోసం తోపులాట), ఏది ఉత్తి పడిపోవడం అన్నది కచ్చితంగా తేల్చడానికి చాలాసార్లు వీడియో ముందు మనిషి కూర్చోవాల్సి వస్తుంది.

కాబట్టి వింగర్ లెక్కల కాగితం మీద నేను ముందు చూసేది జరిగే కిటికీలో దొరికిన నిమిషం. ప్రాప్ కాగితం మీదా అదే నిమిషం చూస్తాను, కానీ పక్కన ఆ నిమిషంలో ఎన్ని ట్యాకిళ్లు, ఎన్ని రక్‌లు, స్క్రమ్ పడిందా లేదా అని చేత్తో రాసిన అంకెలు లేకపోతే కాగితం వెనక్కి పంపేస్తాను.