సోషల్ ఫ్రాటర్నిటీయా, ప్రొఫెషనల్ ఫ్రాటర్నిటీయా?

అమెరికాలో డిగ్రీలో చేరిన మన పిల్లలకు గ్రీకు అక్షరాల పేర్లున్న విద్యార్థి సంఘాలన్నీ, అంటే ఫ్రాటర్నిటీలన్నీ, ఒకేలా కనిపిస్తాయి. నిజానికి తేడా పెద్దది.

సోషల్ ఫ్రాటర్నిటీ మగపిల్లలకే. చాలావాటికి సొంత ఇల్లు ఉంటుంది. నివాసం, భోజనం, విందులు అక్కడే. స్నేహాలు గాఢంగా ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. ప్రొఫెషనల్ వాటిలో అమ్మాయిలూ చేరవచ్చు. వాణిజ్య విద్యార్థులకు ఆల్ఫా కప్పా సై, ఇంజనీరింగ్ వారికి థీటా టావ్, రెండూ 1904లో పుట్టినవే. ఇంటర్వ్యూ సాధన, పూర్వ సభ్యుల పరిచయాలు ఇక్కడి ఆకర్షణ.

అసలు భయం ర్యాగింగ్. 2017లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక సోషల్ ఫ్రాటర్నిటీలో కొత్త సభ్యులచేత విపరీతంగా తాగించారు. 19 ఏళ్ల కుర్రవాడు మెట్ల మీద నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. గంటల తరబడి ఎవరూ అంబులెన్సును పిలవలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అలాగని ప్రొఫెషనల్ ముద్ర చూసి నిశ్చింతగా ఉండకూడదు: జాత్యహంకార వీడియోల కారణంగా సిరక్యూజ్ విశ్వవిద్యాలయం 2018లో థీటా టావ్ శాఖను శాశ్వతంగా బహిష్కరించింది.

మొదటి ఏడాది పిల్లలకు నేను ప్రొఫెషనల్ వైపే మొగ్గుతాను. ఏదైనా సరే, చేరేముందు ఆ శాఖ చరిత్ర చూడండి. 2024 డిసెంబరు నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ర్యాగింగ్ ఉల్లంఘనల వివరాలను కళాశాలలే ప్రకటించాలి.