పేకలో వరుసగా ఓడుతుంటే: ఆగడమా, తగ్గించి ఆడడమా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద ఆదివారం పోకర్ ఆట చింతపిక్కలతోనే. అయినా ఓటములు వరుసకడితే గుండె బరువెక్కుతుంది. పోయిన నెల నాలుగు ఆదివారాలూ నా గిన్నె ఖాళీ.

అప్పుడు దారులు రెండు. మొదటిది, కొన్నాళ్లు పేక ముట్టకపోవడం. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడిస్తే కృష్ణ గాలికి కసి చల్లారుతుంది. కసి మీదున్నవాడు పారేయాల్సిన ముక్కలు కూడా పట్టుకు కూర్చుంటాడు, అతనికి ఇదే మందు. కాకపోతే తిరిగొచ్చాక పాత తప్పులు అలాగే ఉంటాయి.

రెండోది, పందెం సగానికి తగ్గించి, ప్రతి ఆటా నోటుపుస్తకంలో రాసుకోవడం. నా కళ్లు తెరిపించింది ఇదే. ఆసుల జత ఉండి కూడా రాజుల జతకు ఓడానని రాత్రంతా కుమిలిపోయాను. లెక్క చూస్తే, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కలన్నీ తెరిచేదాకా వెళ్తే ఆ పోటీలో ఆసులు గెలిచేది 100కి సుమారు 82 సార్లు. అంటే అది నా తప్పు కాదు. అసలు తప్పు ఇంకో పేజీలో దొరికింది. ఒకే గుర్తు ముక్కలు అయిదు కుదిరితే బలమైన చేయి కదా, నాలుగు ఇస్పేట్లతో, తెరవాల్సింది ఒక్క ముక్కే ఉండగా, సగం గిన్నె తోసేశాను. అయిదో ఇస్పేటు పడే అవకాశం, నాకు కనబడని 46 ముక్కల్లో 9, అయిదింట ఒకటి కూడా కాదు.

నేనిప్పుడు రెండు వారాలు ఆగి, ఆ తర్వాతే పుస్తకంతో కూర్చుంటున్నాను. పోయిన డబ్బు రాబట్టాలని ఆడుతున్నవాళ్లకు మాత్రం రెండో దారి వద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి పూర్తిగా మానేయండి.